విస్కీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: లేబుల్ నుంచి మర్నాటి తలనొప్పి దాకా

నలుగురు కూర్చున్న చోట విస్కీ సీసా మూత తీస్తే చాలు, సలహాలు మొదలవుతాయి. నీళ్లు కలపకూడదని ఒకరు, పన్నెండేళ్లది కాకపోతే దండగని ఇంకొకరు, జలుబుకి ఇదే మందని మరొకరు. అవే సందేహాలు, అవే తప్పుడు జవాబులు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. నన్ను పదే పదే అడిగినవాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా సరిపోయేలా రాశాను, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. తాగమని ఎవరినీ ప్రోత్సహించడం లేదు. తాగేవారికి, కొని బహుమతిగా ఇచ్చేవారికి తెలిసి ఉండాల్సినవి చెబుతున్నాను.

## సీసా చేతిలో పట్టుకుని లేబుల్ చూసేటప్పుడు

స్కాచ్ వేరు, విస్కీ వేరు కదా?

విస్కీ అనేది ఇంటిపేరు లాంటిది. ధాన్యాన్ని పులియబెట్టి, బట్టీ పట్టి, చెక్క పీపాల్లో మాగబెట్టి తీసేదాన్ని విస్కీ అంటారు. ఆ ఇంట్లో ఒకరి పేరు స్కాచ్. స్కాట్లాండ్‌లోనే తయారవ్వాలి, అక్కడే ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉండాలి. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం పీపా 700 లీటర్లకు మించకూడదు, సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. నీళ్లు, రంగు కోసం మామూలు క్యారమెల్ తప్ప ఇంకేదీ కలపడానికి వీల్లేదు. కాబట్టి ప్రతి స్కాచ్ విస్కీయే, ప్రతి విస్కీ స్కాచ్ కాదు. 'స్కాచ్' అనే మాట తయారైన చోటుని, పద్ధతిని చెబుతుంది. రుచికి హామీ ఇవ్వదు.

సింగిల్ మాల్ట్ అంటే ఒకే పీపాలోంచి తీసిందా?

కాదు. 'సింగిల్' అంటే ఒకే డిస్టిలరీ, అంటే విస్కీ బట్టీ పట్టే ఒకే కార్ఖానా. 'మాల్ట్' అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. ఒకే డిస్టిలరీలో, మాల్ట్ బార్లీతో మాత్రమే, పాట్ స్టిల్ అనే కుండ లాంటి బట్టీలో తీసిన స్కాచ్‌ని సింగిల్ మాల్ట్ అంటారు. మామూలుగా దొరికే సింగిల్ మాల్ట్ సీసాలో పదులు, ఒక్కోసారి వందల పీపాల సరుకు కలిసి ఉంటుంది. నిజంగా ఒకే పీపాలోంచి తీసింది కావాలంటే లేబుల్ మీద 'సింగిల్ కాస్క్' అని చూడాలి.

సింగిల్ మాల్టే అసలైనది, బ్లెండెడ్ అంటే కలగాపులగం అంటారు. నిజమేనా?

ఈ ఒక్క అపోహ వల్ల మంచి విస్కీలను వదిలేసినవాళ్లని చాలామందిని చూశాను. 'కలిపినది' అనగానే మనకి కల్తీ గుర్తుకొస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది.

బ్లెండెడ్ స్కాచ్‌లో మాల్ట్ విస్కీతో పాటు గ్రెయిన్ విస్కీ ఉంటుంది. గ్రెయిన్ విస్కీని గోధుమ, మొక్కజొన్న లాంటి ధాన్యాలతో, ఆగకుండా నడిచే పొడవాటి కాలమ్ స్టిల్‌లో తీస్తారు. ఈనియస్ కాఫీ అనే ఆయన 1830లో పేటెంట్ తీసుకున్న బట్టీ నమూనా ఇప్పటికీ దీనికి ఆధారం. గ్రెయిన్ విస్కీ తేలికగా, మెత్తగా ఉంటుంది, అదీ 3 ఏళ్లు పీపాలో ఉండాల్సిందే. పదుల రకాలను తూచి కలిపి, ఏడాదికేడాది అదే రుచి నిలబెట్టడం బ్లెండర్ పని. ఒక మాల్ట్‌ని యథాతథంగా సీసాకెత్తడం కన్నా అది కష్టం. ప్రపంచంలో అమ్ముడయ్యే స్కాచ్‌లో ఎక్కువ భాగం ఇప్పటికీ బ్లెండెడే.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. 'బ్లెండెడ్' అనే మాటకి దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. అమెరికాలో బ్లెండెడ్ విస్కీ అని రాసినదాంట్లో 20 శాతం మాత్రమే స్ట్రెయిట్ విస్కీ, అంటే పీపాలో మాగిన అసలు విస్కీ ఉండి, మిగతాది మాగబెట్టని, రుచీ వాసనా లేని ఆల్కహాల్ (న్యూట్రల్ స్పిరిట్) అయినా చట్టం ఒప్పుకుంటుంది. 'బ్లెండెడ్ మాల్ట్ స్కాచ్' అని ఉంటే అది ఇంకోటి. రెండు లేదా అంతకన్నా ఎక్కువ డిస్టిలరీల సింగిల్ మాల్ట్‌లే అందులో ఉంటాయి, గ్రెయిన్ విస్కీ చుక్క కూడా ఉండదు.

చెరకు మడ్డితో తీసిందాన్ని కూడా విస్కీ అనొచ్చా?

భారతదేశంలో అంటున్నారు. అక్కడ తయారయ్యే చాలా బ్రాండ్లలో మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్ ఉంటుంది, దానికి కొంత మాల్ట్ విస్కీ కలుపుతారు. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో విస్కీ అంటే ధాన్యం నుంచే రావాలి, అందుకే అలాంటివాటిని అక్కడ విస్కీ పేరుతో అమ్మనివ్వరు. అయితే భారతీయ విస్కీలన్నీ ఇంతే అనుకుంటే పొరపాటు. పూర్తిగా బార్లీతో చేసే సింగిల్ మాల్ట్‌లు కూడా అక్కడ తయారవుతున్నాయి. లేబుల్ వెనక పదార్థాల వరుస చదివితే తేడా తెలిసిపోతుంది.

12 ఏళ్లది అని రాస్తే, లోపల ఉన్నదంతా సరిగ్గా 12 ఏళ్లదేనా?

ఆ అంకె సీసాలో ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు. 12 అని ఉంటే 12 ఏళ్లవి, 14 ఏళ్లవి, 20 ఏళ్లవి కలిసి ఉండొచ్చు గానీ 11 ఏళ్లది ఒక్క చెంచా కలిసినా 12 అని రాయకూడదు. లెక్కపెట్టేది పీపాలో గడిపిన కాలాన్ని మాత్రమే.

వయసు పెరిగేకొద్దీ రుచి పెరగాలి కదా?

నేనూ చాలా ఏళ్లు ఆ అంకె చూసే కొన్నాను. పీపాలో కాలం గడిచేకొద్దీ ముడి స్పిరిట్‌లోని ఘాటు తగ్గుతుంది, చెక్క నుంచి వెనిలా, మసాలా వాసనలు దిగుతాయి, గాలి తగిలి కొత్త సువాసనలు పుడతాయి. కానీ ఇది ఒక స్థాయి వరకే. ఆ తర్వాత చెక్కే పైచేయి అయి వగరు, చేదు వచ్చేస్తాయి. ఎప్పుడు అలా అవుతుందనేది పీపా సైజు, అది కొత్తదా పాతదా, గోదాములో ఎంత వేడి ఉంటుంది అన్నవాటి మీద ఆధారపడి ఉంటుంది. అలసిపోయిన పాత పీపాలో 25 ఏళ్లు పడుకున్నదాని కన్నా, బతుకున్న పీపాలో 10 ఏళ్లు ఉన్నది బాగుండటం అరుదేమీ కాదు. పాతది అరుదుగా దొరుకుతుంది కాబట్టి ధర పెరుగుతుంది. ఆ ధరని రుచికి కొలతగా తీసుకోవద్దు.

అసలు వయసే రాయలేదంటే ఏదో దాస్తున్నట్టే కదా?

కొన్నిసార్లు అవును, కొన్నిసార్లు కాదు. స్కాచ్ అయితే వయసు రాయకపోయినా 3 ఏళ్లు తప్పనిసరి. చిన్న వయసుదీ పెద్ద వయసుదీ కలిపినప్పుడు చిన్న అంకె వేస్తే ఎవరూ కొనరని కంపెనీలు అంకె వదిలేస్తాయి. అంకె లేని సీసాని ముందు ఒక పెగ్గు రుచి చూశాక కొనండి.

రంగు చిక్కగా ఉంటే బాగా మాగిన సరుకని అంటారు.

బట్టీ నుంచి దిగినప్పుడు విస్కీకి రంగే ఉండదు, నీళ్లలా ఉంటుంది. రంగు పీపా నుంచి వస్తుంది. షెర్రీ అనే స్పెయిన్ వైన్ నింపిన పీపా అయితే ఎర్రటి గోధుమ రంగు, బోర్బన్ అనే అమెరికన్ విస్కీకి వాడేసిన పీపా అయితే లేత బంగారు రంగు. ఇక్కడి దాకా ప్రకృతే. కానీ స్కాచ్‌లో ఇ150ఎ అనే క్యారమెల్ రంగు కలపడానికి అనుమతి ఉంది, చాలా బ్రాండ్లు వాడుకుంటాయి కూడా. అన్ని సీసాలూ ఒకేలా కనిపించాలన్నది వాళ్ల ఉద్దేశం. జర్మనీలో అమ్మేటప్పుడు రంగు కలిపిన సంగతి లేబుల్ మీద చెప్పాలి, అందుకే జర్మన్ లేబుల్ చూస్తే చాలా గుట్లు తెలుస్తాయి. బోర్బన్‌లో అయితే రంగు కలపడం నిషేధం. కంటికి కనిపించే రంగుతో వయసు కట్టడం మానేయండి.

ఇంగ్లీషు స్పెల్లింగులో చివర 'ఇ' ఉంటే ఒక రకం, లేకపోతే ఇంకో రకమా?

వాడుక మాత్రమే. ఐర్లాండ్, అమెరికా వాళ్లు ఎక్కువగా 'ఇ' పెడతారు, స్కాట్లాండ్, కెనడా, జపాన్ వాళ్లు పెట్టరు. మేకర్స్ మార్క్ అమెరికన్ బోర్బనే అయినా 'ఇ' లేకుండానే రాసుకుంటుంది.

42.8 శాతం, 75 డిగ్రీల ప్రూఫ్ అని ఉంటుంది. ఏ అంకెని నమ్మాలి?

రెండూ ఒకటే. పాత బ్రిటిష్ లెక్కలో 100 ప్రూఫ్ అంటే సుమారు 57.1 శాతం ఆల్కహాల్. దాంట్లో ముప్పావు వంతు 42.8. అమెరికన్ లెక్క వేరు, అక్కడ శాతాన్ని రెట్టింపు చేస్తే ప్రూఫ్ వస్తుంది, అంటే 40 శాతం అయితే 80 ప్రూఫ్. అందుకే ప్రూఫ్ అంకెలు పోల్చుకుని గందరగోళపడకుండా శాతం ఒక్కటే చూడండి.

## ఏది తీసుకోవాలో తేల్చుకునేటప్పుడు

ఖరీదు ఎక్కువ ఉన్నదే మంచిది అనుకోవచ్చా?

అట్టడుగు రకం నుంచి మధ్య రకానికి వెళ్లేటప్పుడు తేడా నిజంగానే నాలుకకి తెలుస్తుంది. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ మీరు కడుతున్నది పన్నుకి, పెట్టెకి, సీసా గాజుకి, ఎంత అరుదుగా దొరుకుతుందన్న దానికి. బ్రాండు పేరు కనపడకుండా రెండు గ్లాసుల్లో పోసి చూడండి. ఈ చిన్న పరీక్ష చాలామంది అభిప్రాయాలు మార్చడం నేను కళ్లారా చూశాను.

బోర్బన్ తియ్యగా ఉంటుంది, చక్కెర కలుపుతారేమో?

కలపరు. ఆ తీపి భావన మొక్కజొన్న నుంచి, పీపా నుంచి వస్తుంది. బోర్బన్‌లో వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. మాగబెట్టేది లోపలి వైపు కాల్చిన కొత్త ఓక్ పీపాలో అయ్యుండాలి. కాల్చినప్పుడు చెక్కలోని చక్కెరలు మాడి పాకంలా మారతాయి, ఓక్‌లో సహజంగా వెనిలిన్ ఉంటుంది. ఈ రెండూ స్పిరిట్‌లోకి దిగుతాయి.

కెంటకీలో చేస్తేనే బోర్బన్ అనేదీ అపోహే. అమెరికాలో ఎక్కడ చేసినా బోర్బనే, 1964లో అమెరికన్ కాంగ్రెస్ దాన్ని ఆ దేశపు ప్రత్యేక ఉత్పత్తిగా గుర్తించింది. ఎక్కువ భాగం కెంటకీ నుంచి వస్తుందనేది మాత్రం నిజం. ఇంకో సంగతి: బోర్బన్‌కి ప్రతిసారీ కొత్త పీపా కావాలి కాబట్టి వాడేసిన పీపాలు లక్షల్లో మిగులుతాయి. వాటిని ఎక్కువగా కొనుక్కునేది స్కాట్లాండ్ వాళ్లు. మీరు తాగే చాలా స్కాచ్‌లలో తగిలే వెనిలా వాసనకి మూలం అమెరికా అడవుల్లోని ఓక్ చెట్టే.

స్కాచ్ అంటే పొగ వాసన, నాకు పడదు. మానేయాలా?

స్కాచ్‌లో చాలా భాగానికి పొగ వాసన ఉండదు, ఉన్నా పట్టీపట్టనట్టు ఉంటుంది. బార్లీని ఆరబెట్టేటప్పుడు పీట్ అనే మట్టి లాంటి ఇంధనాన్ని కాలిస్తే ఆ పొగ గింజలకి పడుతుంది. పీట్ వాడకుండా ఆరబెడితే పొగ రాదు. స్కాట్లాండ్‌లోని ఐలా దీవి విస్కీలు పొగకి పేరుబడ్డాయి గానీ అక్కడి బునహావెన్, బ్రూక్‌లాడీ డిస్టిలరీల ప్రధాన విస్కీలు పొగ లేనివే. లేబుల్ మీద 'పీటెడ్' అని ఉంటే పక్కన పెట్టండి, అంతే. కొన్ని సీసాల మీద పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని) అని ఒక అంకె ఉంటుంది. అది మాల్ట్ గింజలో పొగ వాసననిచ్చే ఫినాల్ ఎంత ఉందో చెబుతుంది. బట్టీ పట్టేటప్పుడు, మాగేటప్పుడు అందులో చాలా భాగం పోతుంది. కాబట్టి పెద్ద పీపీఎం ఉన్న సీసాలో పొగ కచ్చితంగా ఎక్కువ ఉంటుందని చెప్పలేం.

జపనీస్ విస్కీ అని రాసి ఉంటే జపాన్‌లోనే తయారైనట్టు కదా?

చాలాకాలం అలా ఉండాల్సిన పని లేకపోయింది. బయటి దేశాల నుంచి తెచ్చిన విస్కీని అక్కడ సీసాకెత్తి జపనీస్ అని అమ్మినవాళ్లు ఉన్నారు. జపాన్ స్పిరిట్స్ అండ్ లిక్కర్స్ మేకర్స్ అసోసియేషన్ 2021లో ఒక ప్రమాణం తెచ్చింది. జపాన్ నీళ్లు వాడాలి, పులియబెట్టడం, బట్టీ పట్టడం, 3 ఏళ్లు మాగబెట్టడం, సీసాకెత్తడం అన్నీ అక్కడే జరగాలి. ఇది సంఘం సభ్యులు పాటించే నియమం. లేబుల్ మీద ఎక్కడ డిస్టిల్ చేశారో రాసి ఉంటే చాలావరకు అనుమానం తీరిపోతుంది.

వేడి దేశాల్లో చేసిన విస్కీ ఎప్పటికీ తక్కువ రకమే కదా?

ఈ మాట అనేవాళ్లు రుచి చూడకుండానే అంటారు. పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది, దాన్ని ఏంజెల్స్ షేర్ అంటారు. స్కాట్లాండ్ చల్లదనంలో అది ఏడాదికి 2 శాతం చుట్టుపక్కల ఉంటే, బెంగళూరులో 10 శాతం పైనే. వేడికి స్పిరిట్ చెక్కలోకి వేగంగా వెళ్లివస్తుంది, కాబట్టి నాలుగైదేళ్లకే నిండైన రుచి వస్తుంది. ఇంకా ఉంచితే పీపా ఖాళీ అవుతుంది. అందుకే అక్కడి సీసాల మీద పెద్ద వయసులు కనిపించవు. బెంగళూరు అమృత్ డిస్టిలరీ తన సింగిల్ మాల్ట్‌ని 2004లో నేరుగా స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలోనే విడుదల చేసింది. తైవాన్‌లోని కావలాన్ విస్కీ ఒకటి 2015లో వరల్డ్ విస్కీస్ అవార్డుల్లో ప్రపంచ ఉత్తమ సింగిల్ మాల్ట్‌గా నిలిచింది.

ఆడవాళ్లకి విస్కీ పడదంటారు.

నాలుకకి ఆడా మగా తేడా లేదు. ఐలాలోని లాఫ్రోయిగ్ డిస్టిలరీకి 1934లో కొద్దికాలం ఉద్యోగానికి వచ్చిన బెస్సీ విలియమ్సన్ అనే ఆమె 1954లో దాని యజమాని అయ్యారు, ఏళ్ల తరబడి నడిపారు. తేడా రుచిలో లేదు, ఒంట్లో ఉంది. ఒకే బరువున్నా ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ, కాబట్టి అదే పెగ్గుకి రక్తంలో ఆల్కహాల్ ఎక్కువ చేరుతుంది. ఇది లెక్కలో పెట్టుకోవాల్సిన సంగతి.

## గ్లాసులో పోశాక

నీళ్లు కలిపితే విస్కీ పాడవుతుందా? రా కొట్టేవాడికే రుచి తెలుసా?

మీరు నీళ్లు కలపకపోయినా కంపెనీ ముందే కలిపింది. స్కాట్లాండ్‌లో స్పిరిట్‌ని మామూలుగా 63.5 శాతం దగ్గర పీపాలో నింపుతారు. సీసాకెత్తే ముందు నీళ్లు పోసి 40, 43, 46కి దించుతారు. అలా దించకుండా ఇచ్చేదాన్ని కాస్క్ స్ట్రెంగ్త్ అంటారు, అది 55, 60 శాతం దాకా ఉండొచ్చు. బ్లెండర్లు నమూనాలని 20 శాతం దగ్గరికి పలచన చేసి వాసన చూడటం వాళ్ల రోజువారీ పని. వాళ్లకన్నా రుచి తెలిసినవాళ్లం మనం కాదు కదా.

దీని వెనక కారణం కూడా తెలిసింది. 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్యోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ నమూనాలతో పరిశీలించారు. విస్కీకి పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అనే అణువు ఆల్కహాల్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ద్రవం లోపలే ఉండిపోతుంది. నీళ్లు కలిపి శాతం తగ్గిస్తే పైకి తేలుతుంది. ముక్కు చేరేది పైనున్నదే.

పద్ధతి చెప్పాలంటే, ముందు ఏమీ కలపకుండా ఒక చిన్న సిప్. తర్వాత చెంచాడు నీళ్లు, మళ్లీ ఒక సిప్. ఇలా కొంచెం కొంచెంగా పోసుకుంటూ మీకు నచ్చిన చోట ఆగండి. గది వేడిలో ఉన్న, క్లోరిన్ వాసన లేని నీళ్లయితే చాలు. గుటుక్కున మింగి మొహం చిట్లించడాన్ని మగతనం అనుకునేవాళ్లకి ఒకటే చెప్పాలి: అందులో ఏ రుచీ తెలియదు, గొంతు మంట తప్ప.

ఐస్ వేయడం తప్పా?

తప్పు కాదు. చల్లదనం వల్ల వాసనలు ముడుచుకుపోతాయి, నాలుక మొద్దుబారుతుంది. ఘాటు తగ్గాలంటే అదే లాభం, మంచి మాల్ట్ రుచి చూడాలంటే అదే నష్టం. వేయాలనుకుంటే పెద్ద ముక్క ఒకటి వేయండి, చిన్న ముక్కలకన్నా నెమ్మదిగా కరుగుతుంది.

సోడా, కోలా కలిపితే తెలియనివాడి కింద లెక్కా?

ఏ లెక్కా లేదు, మీ గ్లాసు మీ ఇష్టం. సోడాతో విస్కీ బాగానే కుదురుతుంది. కోలాలో పోస్తే తీపి కింద మిగతాదంతా మునిగిపోతుంది, అందుకే దానికి అరుదైన సీసా వాడటం నాకు బాధగా ఉంటుంది. ఎనర్జీ డ్రింకు మాత్రం వద్దు. అందులోని కెఫీన్ మత్తు తగ్గించదు, మత్తెక్కిన సంగతి తెలియకుండా చేస్తుంది. దాంతో ఎక్కువ తాగేస్తారు.

గ్లాసు తిప్పితే గోడల మీద చారలు జారుతున్నాయి. అవి నిదానంగా జారితే నాణ్యమైనదా?

ఆల్కహాల్ నీటికన్నా ముందు ఆవిరవడం వల్ల తలతన్యతలో తేడా వచ్చి ఆ చారలు ఏర్పడతాయి. దీన్ని మరంగోనీ ప్రభావం అంటారు. ఆల్కహాల్ ఎంతుందో కొంత సూచిస్తాయి గానీ నాణ్యత గురించి ఏమీ చెప్పవు.

నీళ్లు పోయగానే మసకబారింది. కల్తీయా?

దాదాపు ఎప్పుడూ కాదు. విస్కీలో సహజంగా ఉండే కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు చల్లబడినప్పుడు, శాతం తగ్గినప్పుడు విడివడి మసకగా కనిపిస్తాయి. ఇలా కనిపిస్తే కొనేవాళ్లు భయపడతారని చాలా కంపెనీలు ముందే చల్లబరిచి వడకడతాయి. 'నాన్ చిల్ ఫిల్టర్డ్' అని ఉన్నవి ఎక్కువగా 46 శాతం, ఆపైన ఉంటాయి. వాటిలో మసక రావడం మామూలే.

వాసన చూస్తే ముక్కు మండిపోతోంది, వెనిలా, పండ్లు అంటారే, నాకెందుకు తెలియడం లేదు?

వైన్‌లా గ్లాసులో ముక్కు దూర్చడం వల్ల. మూతి సన్నగా ఉన్న తులిప్ ఆకారం గ్లాసు తీసుకోండి. గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, నెమ్మదిగా ముక్కు దగ్గరికి తెచ్చుకోండి. పది నిమిషాలు గ్లాసుని అలా వదిలేస్తే ఘాటు తగ్గుతుంది. ఎవరో రాసిన వాసనల జాబితా మీకూ తెలియాలని పట్టుపట్టకండి. మీకు తడిసిన మట్టి గుర్తొస్తే అదే మీ వాసన.

## సీసా ఇంట్లో ఉన్నప్పుడు

ఇంకో పదేళ్లు దాస్తే 12 ఏళ్లది 22 ఏళ్లది అవుతుందా?

అవ్వదు. మాగడం చెక్కతో జరిగే పని, గాజులో అది ఆగిపోతుంది. 12 ఏళ్లప్పుడు సీసాకెత్తింది ఎప్పటికీ 12 ఏళ్లదే.

వైన్ సీసాలా పడుకోబెట్టాలా?

నిలబెట్టండి. ఈ శాతం ఆల్కహాల్ కార్కుని తినేస్తుంది, అది పొడిపొడిగా రాలి విస్కీలో కలుస్తుంది. ఎండ తగలకూడదు, వేడి తగలకూడదు. ఫ్రిజ్ అవసరం లేదు.

మూత తీసిన సీసా ఎన్నాళ్లు ఉంటుంది?

చెడిపోదు, పారబోయాల్సిన పని లేదు. కానీ సీసా ఖాళీ అయ్యేకొద్దీ లోపల గాలి పెరిగి వాసనలు చప్పబడతాయి. ముప్పాతిక నిండి ఉంటే ఏడాది పైనే బాగుంటుంది. అడుగున కొంచెం మిగిలితే కొద్ది నెలల్లో ముగించడమో, చిన్న సీసాలోకి మార్చడమో చేయండి.

ఎవరి దగ్గరో వందేళ్ల నాటి సీసా ఉందట, కొనొచ్చా?

అసలుదని తేల్చే పరీక్ష లేకుండా వద్దు. 2018లో స్కాట్లాండ్‌లో 55 అరుదైన సీసాలకి వయసు తేల్చే కార్బన్ డేటింగ్ పరీక్ష చేయిస్తే, వాటిలో 21 నకిలీవో, చెప్పిన ఏడాదివి కానివో అని తేలింది. వేలాలు, నిపుణులు ఉన్నచోటే ఇలా ఉంది.

కల్తీ విస్కీని ఇంట్లో పట్టుకోవచ్చా? చేతి మీద రుద్దితే, నిప్పంటిస్తే తెలుస్తుందంటారు.

దయచేసి అలాంటి పరీక్షల్ని నమ్మి ప్రాణాల మీదకి తెచ్చుకోకండి. అసలు ప్రమాదం మిథనాల్. దానికి మామూలు ఆల్కహాల్ లాంటి రుచి, వాసనే ఉంటాయి. మంట రంగు చూసో, చేతికి రాసుకునో తేల్చలేరు. ఒంట్లోకి వెళ్లాక అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, చూపు పోతుంది, ప్రాణం పోవచ్చు. లక్షణాలు వెంటనే రాకపోవచ్చు, సగం రోజు పైన గడిచాక కూడా మొదలవుతాయి. తాగిన తర్వాత చూపు మసకబారితే, మంచు కురుస్తున్నట్టు తెల్లగా కనిపిస్తే, ఆయాసం, విపరీతమైన కడుపునొప్పి ఉంటే హ్యాంగోవర్ అని పడుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏం తాగారో దాచకుండా చెప్పండి. దీనికి విరుగుడు ఉంది, తొందరగా అందాలి. ముందుజాగ్రత్త ఒక్కటే: లైసెన్సు ఉన్న చోట, సీలు చెక్కుచెదరని సీసా మాత్రమే కొనండి. తాగేసిన ఖాళీ సీసాని లేబుల్ చింపో, పగలగొట్టో పారేయండి. నకిలీగాళ్లకి కావాల్సింది ఆ సీసాయే.

## ఒంట్లోకి వెళ్లాక

జలుబుకి, దగ్గుకి ఒక పెగ్గు వేస్తే తగ్గుతుందా?

తగ్గదు. ఆల్కహాల్ వైరస్‌ని ఏమీ చేయదు, నిద్ర నాణ్యత చెడగొడుతుంది, ఒంట్లో నీరు తగ్గిస్తుంది. జలుబు మాత్రలతో, దగ్గు మందులతో కలిస్తే మగత రెట్టింపవుతుంది. తరచూ తాగేవారికి పారాసెటమాల్‌తో కాలేయానికి ముప్పు పెరుగుతుంది. పిల్లల చిగుళ్లకి, ఛాతీకి రాయడం, నాకించడం అస్సలు చేయకూడదు.

చలిలో విస్కీ ఒళ్లు వెచ్చబెడుతుంది కదా?

వెచ్చగా అనిపిస్తుంది, ఒళ్లు నిజానికి చల్లబడుతుంది. చర్మం కింది రక్తనాళాలు వెడల్పై లోపలి వేడి బయటికి పోతుంది. గడ్డకట్టే చలిలో ఇరుక్కున్నవారికి తాగించడం ప్రమాదకరం.

రోజుకో పెగ్గు గుండెకి మంచిదని డాక్టర్లే అంటారు కదా?

ఒకప్పటి పరిశీలనల్లో అలా కనిపించింది. తర్వాత వాటిలో లోపం బయటపడింది. 'తాగనివారు' అన్న గుంపులో, జబ్బు చేసి తాగుడు మానేసినవారు కూడా ఉన్నారు. అందుకే కొంచెం తాగేవాళ్లే ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపించింది. ఆల్కహాల్‌ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే మొదటి వర్గంలో పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో, ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ ఏదీ లేదని చెప్పింది. రుచి కోసం తాగుతున్నామని ఒప్పుకోవడం నిజాయితీ. గుండె కోసమని చెప్పుకోవద్దు.

విస్కీలో చక్కెర లేదు కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకి ఫర్వాలేదా?

చక్కెర లేదు, నిజమే. అయినా 30 మిల్లీలీటర్లకి సుమారు 65 క్యాలరీలు ఉంటాయి. అంతకన్నా పెద్ద సమస్య ఇంకోటి. ఆల్కహాల్ పనిలో పడ్డ కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదలడం తగ్గిస్తుంది. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవారికి గంటల తర్వాత, నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు. తూలడం చూసి పక్కవాళ్లు మత్తనుకుని వదిలేస్తారు. డాక్టరుకి చెప్పకుండా తాగకండి.

బీరు తేలిక, విస్కీ ప్రమాదం. అంతేగా?

లెక్క వేద్దాం. 40 శాతం విస్కీ 30 మిల్లీలీటర్లలో 12 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 32.5 మిల్లీలీటర్లు. అంటే ఆ ఒక్క సీసా రెండున్నర చిన్న పెగ్గులకి మించి. కాలేయం చూసేది ఆ మొత్తాన్నే. విస్కీతో చిక్కేమిటంటే అంత ఆల్కహాల్‌ని కొద్ది నిమిషాల్లో దించేయగలం.

మంచి బ్రాండు తాగితే, వేరేవి కలపకపోతే హ్యాంగోవర్ రాదంటారు.

హ్యాంగోవర్‌కి మొదటి కారణం ఎంత తాగారన్నదే. పులియబెట్టేటప్పుడు, మాగేటప్పుడు ఏర్పడే కంజనర్లు అనే పదార్థాలు కొంత తోడవుతాయి. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బోర్బన్, వోడ్కా పోల్చి చూస్తే, బోర్బన్ తాగినవారికి మర్నాడు బాధ ఎక్కువ ఉంది. ఏకాగ్రత, స్పందించే వేగం మాత్రం రెండు గుంపుల్లోనూ ఒకేలా దెబ్బతిన్నాయి. 'ముందు ఇది, తర్వాత అది' అనే వరుస సంగతికొస్తే, బీరు, వైన్‌లతో 2019లో ప్రచురించిన ఒక పరిశోధనలో వరుస మార్చినా హ్యాంగోవర్‌లో తేడా కనపడలేదు.

కాఫీ తాగి, చన్నీళ్ల స్నానం చేస్తే మత్తు దిగుతుందా?

మెలకువ వస్తుంది, మత్తు దిగదు. కాలేయం తన వేగంతోనే పనిచేస్తుంది, ఒక చిన్న పెగ్గుకి ఇంచుమించు గంట. నాలుగు పెగ్గులు వేసి అర్ధరాత్రి పడుకున్నవాడి రక్తంలో తెల్లవారుజామున కూడా ఆల్కహాల్ ఉండొచ్చు.

నాకు అలవాటే, ఎక్కదు. బండి నడపగలను కదా?

నడపలేరు. అలవాటు వల్ల తగ్గేది మత్తెక్కినట్టు అనిపించడం, రక్తంలో ఆల్కహాల్ తగ్గదు. తాను బాగానే ఉన్నానని తేల్చుకోవాల్సిన మెదడే ముందు దెబ్బతింటుంది. తాళాలు ముందే ఇంకొకరికి ఇచ్చేయండి.

రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమంటారు. తాగడానికి సాకేనా?

ఇది సాకు కాదు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు హఠాత్తుగా ఆపితే కొద్ది గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల తర్వాత లేనివి కనిపించడం, తికమక, జ్వరం వస్తే అది డెలీరియం ట్రెమెన్స్, వైద్యం అందకపోతే ప్రాణాంతకం. అలాగని మానొద్దని కాదు. ముందు డాక్టరుని కలవాలి. వణుకు తగ్గే మందులు, థయమిన్ అనే బి1 విటమిన్ ఇచ్చి, అవసరమైతే కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచి క్షేమంగా మాన్పిస్తారు. ఇంట్లోవాళ్లు గదిలో పెట్టి తాళం వేయడం, ఒట్టు వేయించి ఊరుకోవడం చేయకండి. ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే తీసుకెళ్లండి.